సుస్తీ అనే మాటకు రెండు అర్థాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, వైద్యులం కాము. అయినా జబ్బు నుంచి కోలుకోవడాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మాటలతోనే మా బతుకు కాబట్టి ఒక మాటతోనే మొదలుపెడతాం. తెలుగులో 'సుస్తీ చేసింది' అంటే జబ్బు చేసిందని అర్థం. ఆ మాట మన ఉర్దూ నుంచి వెళ్ళినదే. కాని ఉర్దూలో సుస్తీ అంటే బద్ధకం, సోమరితనం. పక్కింటి తెలుగాయనతో 'ఒంట్లో సుస్తీగా ఉందండీ' అంటే 'అయ్యో, డాక్టరుకు చూపించుకున్నారా?' అంటాడు. అదే మాట మన ఇంట్లో అంటే 'ఉఠో మియా, పనిలోకి పద' అంటారు. జబ్బు తగ్గి ఒళ్ళు ఇంకా తేరుకోని రోజుల్లో మనిషి సరిగ్గా ఈ రెండు అర్థాల మధ్యనే ఇరుక్కుంటాడు. జ్వరం లేదు కనుక రోగి అనిపించుకోడు. ఒంట్లో సత్తువ లేదు కనుక పని చేయలేడు. ఇక మిగిలింది ఏమిటి? సోమరి అనిపించుకోవడం. ఇతరులు అనకపోయినా తనను తానే అనుకుంటాడు.

ఇది మాకు బడిలో ఏటా కనిపిస్తుంది. వానలు పడ్డాక, జూలై నుంచి అక్టోబరు దాకా, హాజరు పట్టీలో ఖాళీలు ఎక్కువవుతాయి. టైఫాయిడ్, డెంగ్యూ, పేరు తెలియని జ్వరాలు. జ్వరం దిగిన మర్నాడే పిల్లవాడిని బడికి తోలేస్తారు. వాడు మూడో పీరియడ్‌కల్లా బెంచీ మీద తల వాల్చేస్తాడు. డెంగ్యూలో జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా ఉండవలసిన రోజులని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా మన చెవికెక్కదు. ఆ రోజుల్లోనే కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత వంటివి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. టైఫాయిడ్ అయితే తగ్గిందనుకున్న రెండు మూడు వారాలలో తిరగబెట్టే అవకాశం ఉన్నది. 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసిన సంగతి పెద్దలందరికీ గుర్తుంది. జ్వరం వారంలో పోయింది కాని కీళ్ళ నొప్పులు చాలామందిని నెలల తరబడి పట్టుకున్నాయి. గోడ పట్టుకుని నడిచిన వాళ్ళను ఆనాడు ఎవరూ సోమరులనలేదు. వీధికి వీధి అలాగే నడిచింది కదా! ఒక్కడికే వస్తే మాత్రం మన నాలుక ఊరుకోదు.

మన పెద్దవాళ్ళకు ఈ మధ్యకాలం సంగతి తెలుసు. జ్వరం తగ్గినవాడికి పథ్యం పెట్టేవారు. మెత్తగా ఉడికిన ఖిచిడీ, బీరకాయ, కాస్త కోలుకున్నాక పలుచని యఖ్నీ. ఎండలోకి పోనిచ్చేవారు కాదు. 'లంఖణం పరమౌషధం' అని రోగిని పస్తులుంచే అలవాటు ఒకటి ఉండేది, దాన్ని మేము సమర్థించడం లేదు. కాని రోగానికీ పనికీ నడుమ కొన్ని రోజులు ఉండాలన్న జ్ఞానం ఆ పథ్యంలో ఉంది. వేసవిలో దున్ని వదిలేసిన చేనును సోమరి చేను అని ఏ రైతూ అనడు. మృగశిర కార్తె దాకా దానికి గడువు ఇస్తాడు.

ఇప్పుడు సభలో ఎవరో మనసులో అనుకునే ఉంటారు: 'మాస్టరుగారికేం, నెల తిరిగితే జీతం. ఆటో నడిపేవాడు మంచం మీద పడుకుంటే కిస్తీ ఎవరు కడతారు?' న్యాయమైన ప్రశ్న. దానికి చివర్లో వస్తాం. ముందు డబ్బు ఖర్చు లేని సంగతి ఒకటి చూద్దాం.

ఎవరికైనా బాగాలేదంటే మనం ఇయాదత్‌కు వెళతాం. రోగిని పరామర్శించడం మన మీద సాటి ముస్లిముకు ఉన్న హక్కుల్లో ఒకటి. నాలుగు బత్తాయిలు పట్టుకుపోయి, పక్కన కూర్చుని, 'కంగారు పడకండి, ఇన్షా అల్లాహ్ తగ్గిపోతుంది, పనులు ఎక్కడికీ పోవు' అని నెమ్మదిగా చెబుతాం. అదే జబ్బు మనకు చేసినప్పుడు మనతో మనం ఏమని మాట్లాడుకుంటాం? 'ఎందుకూ పనికిరాకుండా పోయావు, ఇంటికి భారమయ్యావు' అని. రోగి మంచం దగ్గర ఏ పరాయివాడైనా ఇలా మాట్లాడితే చెయ్యి పట్టి బయటకు పంపుతాం. మరి మన లోపల కూర్చుని మాట్లాడేవాడిని ఎందుకు భరించాలి? మేము కోరేదల్లా ఇంతే: రోజుకొకసారి ఎవరి ఇయాదత్ వారు చేసుకోండి. ఐదు నిమిషాలు చాలు. ఈ రోజు ఎక్కడ నొప్పిగా ఉంది, నిన్నటికంటే ఎన్ని అడుగులు ఎక్కువ నడిచాం, ఆకలి వేసిందా, నిద్ర పట్టిందా అని పరాయివాడిని అడిగినంత మర్యాదగా అడగండి. వచ్చిన జవాబును బట్టి ఆ రోజు పని పెట్టుకోండి.

ఇయాదత్ మాట వచ్చింది కనుక ఒక చిన్న మనవి. పరామర్శకు వెళ్ళి గంటల తరబడి కూర్చోకండి. జబ్బుపడ్డది ఇంటి ఇల్లాలైతే, వచ్చిన పదిమందికీ చాయ్ పెట్టేది కూడా ఆవిడే అవుతున్నది.

ఆడవాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కాన్పు అయిన తల్లికి మన ఇళ్ళలో నలభై రోజుల చిల్లా ఉంది. ఆ రోజుల్లో ఆమె పొయ్యి దగ్గరకు రాకపోతే అత్తగారు కూడా ఏమీ అనదు. చాలా మంచి ఆచారం. కాని ఆ తల్లికే పదిహేనేళ్ళ తర్వాత గర్భసంచి తీసేస్తే? ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తకూడదని డాక్టర్లు చెబుతారు. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు, అంటే మన చిల్లా కంటే రెండు రోజులే ఎక్కువ. కాని కుట్లు విప్పిన వారానికే బిందె చంకనెత్తుతుంది. బిడ్డ పుడితే దొరికిన చిల్లా ఒళ్ళు కోయించుకుంటే దొరకదా? ఆ ఆరు వారాలు నీళ్ళు మోయడం, గ్యాసుబండ జరపడం మగవాళ్ళ పని. ఈ మాట మేము వేదిక మీద నుంచి చెప్పి ఇంటికి పోయి మరచిపోయేది కాదు. పరదా అవతల మా ఇంటివాళ్ళు కూడా కూర్చున్నారు.

ఇక రంజాన్. మన చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు. అందుచేత రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. 2016లో జూన్‌లో ఉపవాసాలున్నాం. 2025లో మార్చి 2న మొదలైంది. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరు చివర్లో మరొకటి, ఒకే ఏట రెండు రంజాన్లు మొదలవుతాయి. ఇరవై ఏళ్ళ వయసులో ఎండాకాలంలో ఉన్న రోజా, యాభై దాటి చక్కెర వ్యాధి వచ్చాక చలికాలంలో ఉండే రోజా ఒకటి కావు. కాలం మారుతుంది, ఒళ్ళూ మారుతుంది. రోగికి, ప్రయాణికుడికి మినహాయింపు ఖుర్‌ఆన్‌లోనే, రెండవ సూరా 184, 185 ఆయత్‌లలో ఉంది. తప్పిన రోజాలను వేరే దినాల్లో ఖజా చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. ఎండల్లో తప్పిన రోజాను డిసెంబరులో ఉంటే మన ప్రాంతంలో సుమారు రెండు గంటలు తక్కువ కూడాను.

అయినా మన పేటలో జబ్బుమనిషి రోజా మానితే తలుపులు వేసుకుని తింటున్నాడు, దొంగతనం చేసినట్టు. అల్లాహ్ ఇచ్చిన రుఖ్‌సత్‌ను తీసుకోవడానికి వీధికి భయపడటం ఏమిటి? ఇన్సులిన్ తీసుకునేవారు, కిడ్నీ జబ్బువారు, ఇటీవల గుండెకు చికిత్స అయినవారు రంజాన్‌కు ఒకటి రెండు నెలల ముందే డాక్టరును అడగాలి. రోజాలో రక్తంలో చక్కెర 70కి దిగువకు వచ్చినా, 300 దాటినా రోజా విప్పేయమని వైద్యులు చెబుతారు. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదని చాలామంది ఉలమా అభిప్రాయం.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ ఒకసారి అబూ దర్దా ఇంటికి వెళ్ళిన వృత్తాంతం మీలో చాలామంది విన్నదే. అబూ దర్దా పగలంతా నఫిల్ రోజాలు, రాత్రంతా నమాజులు. భార్య యోగక్షేమాలు కూడా పట్టని స్థితి. సల్మాన్ ఆయనచేత రోజా విప్పించి తనతో భోజనం చేయించారు. రాత్రి లేవబోతే పడుకోమన్నారు. తెల్లవారుజామున ఇద్దరూ లేచి నమాజు చేశారు. దేవునికి, దేహానికి, భార్యకు, ఎవరి హక్కు వారికి ఇమ్మని సల్మాన్ చెప్పగా, ప్రవక్త (స) ఆ మాట నిజమేనన్నారు. హక్కు అన్న మాట గమనించండి. ఒంటికి నిద్ర ఇవ్వడం దానికి మనం పెట్టే భిక్ష కాదు.

నమాజులో కూడా అంతే. మూలవ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్‌కు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని అనుమతి దొరికింది. మరొకరు గబగబా నమాజు ముగిస్తే మళ్ళీ చేయమని తిప్పి పంపారు, మూడుసార్లు. రుకూలో, సజ్దాలో ఒళ్ళు కుదుటపడేదాకా ఆగాలి. ఈ మధ్య పత్రికలలో, రేడియోలో 'మనసును ప్రస్తుత క్షణంలో నిలపడం' అని ఏదో కొత్త విద్యలాగా చెబుతున్నారు. వజూ చేసేటప్పుడు నీళ్ళ చల్లదనం చేతికి తెలియాలి, సజ్దాలో నుదుటికి చాప తగలాలి, ఊపిరి నెమ్మదించాలి. జబ్బు నుంచి లేచినవాడు కుర్చీలో కూర్చుని నిదానంగా చేసే రెండు రకాతులు అతనికి చాలినంత అభ్యాసం. మధ్యాహ్నం ఖైలూలా, ఓ అరగంట నడుం వాల్చడం, అదీ మన సంప్రదాయమే. రోహిణి కార్తె ఎండల్లో మేస్త్రీ పనివారు తెల్లవారుజామునే పని మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం నీడన పడుకుంటారు. వాళ్ళను చూసి నేర్చుకోవచ్చు.

అయితే విశ్రాంతి ఒక్కటే మందు అని ఎవరూ అనుకోవద్దు. క్షయ సంగతే తీసుకోండి. ఒకప్పుడు దానికి శానిటోరియంలో నెలల తరబడి మంచాన పడుకోవడమే వైద్యం. మద్రాసులో 1956లో మొదలై 1959లో వెల్లడైన అధ్యయనంలో, ఇరుకు ఇళ్ళలో ఉంటూ మందులు మింగిన బీదవారు కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగానే కోలుకున్నారు. నయం చేసేది మందు. మామూలు క్షయకు కోర్సు ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గి, ఒంటికి కాస్త కండ పట్టి, 'ఆరాం హో గయా' అని మందు ఆపేస్తే రోగం మొండికెత్తుతుంది. ఉర్దూలో ఆరాం అంటే విశ్రాంతి, నయం కావడం కూడా. ఈ రెండో ఆరాం ఆరు నెలలు నిండకుండా రాదు. మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. పోషకాహారానికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నది. పేరు బయటపడుతుందని ఈ డబ్బు వదులుకుంటున్న కుటుంబాలు మన పేటలో ఉన్నాయి. సిగ్గుపడవలసిన పని ఏమీ లేదు.

ఇప్పుడు కిస్తీ ప్రశ్న. ఇంట్లో ఒక్కడే సంపాదించేవాడికి విశ్రాంతి తీసుకోమని ఉపన్యాసం చెప్పి ఊరుకుంటే అది ఎగతాళి అవుతుంది. అందుచేత కార్యవర్గం ముందు రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం. వచ్చే ఏడాది బడ్జెట్‌లో, పెళ్ళిళ్ళ సహాయం పక్కన, కోలుకునేవారి సహాయం అని ఒక పద్దు తెరవాలి. ఆస్పత్రి చీటీ చూపినవారికి పనిలేని వారాలకు బియ్యం, పప్పు, నూనె అందాలి. పేరు నోటీసు బోర్డుపై వేయకూడదు. రెండవది, మనలో ఆటోలు, తోపుడుబండ్లు ఉన్న యువకులు పది పదిహేనుమంది ఉన్నారు. ఒకడు పడుకుంటే మిగతావాళ్ళు వంతులవారీగా అతని బండి నడిపి రాబడి ఇంటికి అందించే ఏర్పాటు వాళ్ళలో వాళ్ళు చేసుకోవాలి. ముగ్గురు ఇప్పటికే ఒప్పుకున్నారు.

చర్చకు అధ్యక్షులవారు పదిహేను నిమిషాలు ఇచ్చారు. పరదా అవతలి నుంచి చీటీలు రాసి పంపితే వాటినే ముందు చదువుతాం. వస్సలాం.