గంజాయి తెచ్చు ఆకలి

పరీక్షలకు చదువుచు అర్ధరాత్రివేళ అటుకులకో అరటిపండుకో వెదకు విద్యార్థి ఆకలి మనకు తెలిసినదే. అది దేహము కోరిన ఆకలి. గంజాయి త్రాగినవాని ఆకలి అట్టిది కాదు. కడుపు నిండియున్నను అది పుట్టును.

భంగాకు జఠరాగ్నిని పెంచునని ఆయుర్వేదము ఏనాడో చెప్పినది. కారణము మాత్రము ఇటీవలనే తెలియవచ్చినది. గంజాయిలోని మత్తుపదార్థమువలె పనిచేయు ద్రవ్యము నొకదానిని మన మెదడే తయారుచేసికొనుచున్నదని 1992లో శాస్త్రజ్ఞులు కనుగొని, సంస్కృతమునందలి ఆనందశబ్దమునుండి దానికి అనాండమైడ్ అని పేరిడిరి. పేరు ముచ్చటైనదే, అది చేయు పనులలో ఆకలిని రేపుట యొకటి. 2015లో యేల్ విశ్వవిద్యాలయమువారు చిట్టెలుకలపై జరిపిన పరిశోధనలో మరియొక వింత బయటపడినది. సాధారణముగా ‘ఇక చాలు’నని తెలుపు నాడీకణములే ఈ ద్రవ్యముల ప్రభావమున ‘ఇంకను తిను’మని పురికొల్పుచున్నవట! కావలివాడే దొంగకు తలుపు తీసినట్లున్నది గదా.

కళాశాలలో చదువు ప్రాయము ఆహారముతో కలహించు ప్రాయము కూడను. సన్నబడవలెనని పగలెల్ల పస్తుండి, రాత్రి ఆపుకొనలేక మితిమీరి తిని, పిదప బలవంతముగా కక్కు బాలబాలికలు గలరు. 1979లో లండను వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ ఈ వ్యాధికి బులీమియా నెర్వోసా అని పేరిడెను. అట్టివారికి గంజాయి అలవడినచో తిండి మరింత హద్దు దాటవచ్చును. మరునాడు సిగ్గుచే పస్తు మరింత కఠినము కావచ్చును.

గంజాయియే ఈ వ్యాధిని పుట్టించుచున్నదని మేమనము. రెండింటికిని బెంగయో, ఒంటరితనమో మూలము కావచ్చును. అయితే జతపడిన పిమ్మట ఒకటి రెండవదానిని విడువనీయదు. నిత్యము త్రాగువాడు హఠాత్తుగా మానినచో కొన్నిదినములు, ఒక్కొక్కప్పుడు రెండు వారములవరకు, అన్నము సహింపకపోవచ్చును. చిరాకు, నిద్రలేమి తోడగును. ‘అది లేనిదే నాకు ముద్ద దిగదు’ అని వాడనుకొనుట ఇందువలననే. అది మానినందువలన కలిగిన లక్షణము, క్రమముగా తగ్గిపోవును. ఈ ఒక్కమాట చెప్పువారు లేక మరల మొదలిడుట కలదు.

సెలవులకు ఇల్లు చేరిన కుమారుడు కంచము ముందు ముభావముగా కూర్చున్నచో, హాస్టలు తిండికి నోరు చచ్చినదని తల్లి యనుకొనును. కుమార్తె రాత్రివేళ డబ్బాలు ఖాళీచేసినచో తిండిపోతని ఇంటివారు నవ్వుదురు. ఇట్లే దినములు గడచుచున్నచో రెండును వైద్యునికి చెప్పదగినవే. అచట తిండి సంగతి చెప్పి గంజాయి సంగతి దాచుట మన యిండ్లలో పరిపాటి. రెండును విన్నగాని వైద్యునికి దారి దొరకదు. ఊరిలో చెప్పుకొనుటకు జంకువారు టెలీ మానస్ సంఖ్య 14416కు రేయింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా ఫోనుచేసి తెలుగులోనే మాటలాడవచ్చును.