బరువు తగ్గింది, మరి నొప్పులు?

నాకు ఫైబ్రోమయాల్జియా ఉంది, గ్యాస్ట్రిక్ బైపాస్ కూడా అయ్యింది. కర్నూలు, కడప వైపు నుంచి చాలామంది అడుగుతున్నారు, "అక్కా, ఆపరేషన్ చేయించుకుంటే నొప్పులు పోతాయా?" అని.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మోకాళ్ల మీద భారం తగ్గింది, మెట్లు ఎక్కుతున్నాను. కానీ ఫైబ్రోమయాల్జియా కీళ్లు అరిగి వచ్చే నొప్పి కాదు. మెదడు, నరాలు చిన్న నొప్పిని కూడా పెద్దది చేస్తాయి. అది కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ముఖ్యమైన మాట వినండి. ఇదివరకు ఒళ్లు నొప్పులంటే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకునేదాన్ని. బైపాస్ తర్వాత అది, ఐబుప్రోఫెన్ లాంటివి వద్దు. కడుపుని పేగుకి కలిపిన చోట పుండు పడొచ్చు, రక్తం పోవచ్చు. షాపులో ముందే "నాకు బైపాస్ అయ్యింది" అని చెప్పండి. పారాసిటమాల్ అయినా డాక్టర్ చెప్పిన మోతాదులోనే.

డులోక్సెటిన్, నెమ్మదిగా కరిగే మాత్రలు ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. మోతాదు మళ్లీ అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు.

బి12, విటమిన్ డి, ఐరన్ తగ్గినా నొప్పులు, నీరసం పెరుగుతాయి. రక్తపరీక్షలు మానొద్దు. మన ఎండలకు నీళ్లు గుక్కగుక్కగా తాగుతూ ఉండండి. చల్లబడ్డాక పది నిమిషాలు నడవండి, నొప్పి ఎక్కువున్న రోజు ఐదు చాలు.