చిన్న కెమెరాతో పద్దెనిమిదేళ్లు
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంచిక కమిటీ వాళ్లు నన్ను మాట్లాడమన్నది కెమెరా గురించి. "ఎప్పుడొచ్చినా ఆ పాత కెమెరానే మెడలో వేసుకొని వస్తావు. కొత్తది కొనవు. దాంట్లో ఏముందో అందరికీ చెప్పు" అన్నారు. నేను ఫొటోగ్రాఫర్‌ను కాను, ఇంజినీరును. ఒక యంత్రాన్ని పద్దెనిమిదేళ్లు వాడినవాడు దాని గురించి ఏం చెప్పగలడో అదే చెబుతాను. చివర మీ అందరినీ ఒకటి అడుగుతాను.

నా కెమెరా నికాన్ డి40. 2006 నవంబరులో దాన్ని ప్రకటించారు. నేను 2007లో కొన్నాను. డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో అది మొదటి మెట్టు. ఎస్.ఎల్.ఆర్. అంటే, లెన్సులోంచి వచ్చే వెలుతురే లోపలి అద్దం మీద పడి మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుతురు సెన్సర్ మీద పడుతుంది. బ్యాటరీ లేకుండా బాడీ బరువు 475 గ్రాములు. సంచిలో అన్నం క్యారియర్ పక్కన పెట్టుకున్నా భారం అనిపించదు. చిన్నదిగా, చవకగా చేయడం కోసం కొన్ని తీసేశారు. ఫోకస్ బిందువులు మూడే. ఫోకస్ తిప్పే మోటారు బాడీలో ఉండదు, లెన్సులోనే ఉండాలి. సెన్సర్ మీది దుమ్మును దులిపే ఏర్పాటు లేదు. మెగాపిక్సెళ్లు 6.1 మాత్రమే. ఈరోజు మీ జేబులో ఉన్న ఫోనులో దీనికి ఎన్నో రెట్లు ఉంటాయి.

అయినా ఎందుకు వదల్లేదంటే, మొదటి కారణం మన ఎండ.

కర్నూలు, కడప ఎండ సంగతి మీకు నేను చెప్పేదేముంది? ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం ఫోను తీస్తే తెర మీద మన ముఖమే కనిపిస్తుంది గానీ ఎదుటి దృశ్యం కనిపించదు. ఈ కెమెరాలో కన్ను ఆనించి చూసే కిటికీ ఉంది. ఎండ ఎంత కాసినా ఏం తీస్తున్నామో తెలుస్తుంది.

రెండోది, నీడ. మన పల్లెల్లో పెద్దలు తలకు రుమాలు చుట్టుకుంటారు. నడినెత్తిన పొద్దున్నప్పుడు ఫొటో తీస్తే రుమాలు తెల్లగా మెరుస్తుంది, కళ్లు రెండూ నల్లటి గుంటలైపోతాయి. దీనికి మందు ఫ్లాష్. పట్టపగలు ఫ్లాష్ ఏమిటని నవ్వుతారు గానీ, ఫ్లాష్ పనికొచ్చేది చీకట్లో కంటే ఎండలోనే. నీడలో ఉన్న ముఖానికి ఆ కాస్త వెలుతురు అందితే కళ్లు బయటికి వస్తాయి. ఈ చిన్న కెమెరాకు ఇందులో ఒక గొప్ప గుణం ఉంది. చాలా ఎస్.ఎల్.ఆర్. కెమెరాల్లో షట్టర్ సెకనులో 200వ వంతు, 250వ వంతు దాటితే మామూలు ఫ్లాష్ కుదరదు. షట్టర్‌కు రెండు తెరలుంటాయి. వేగం పెరిగితే మొదటి తెర పూర్తిగా తెరుచుకోకముందే రెండోది కదులుతుంది, ఫ్లాష్ వెలుగు సెన్సర్‌లో ఒక పట్టీకే అందుతుంది. డి40లో అంత వేగాన్ని సెన్సరే విద్యుత్తుతో చూసుకుంటుంది కాబట్టి 500వ వంతు దాకా ఫ్లాష్ వాడవచ్చు. దాంతో ఎండను కాస్త తగ్గించి, ముఖానికి కాస్త వెలుతురు పెంచవచ్చు. తర్వాత వచ్చిన ఖరీదైన కెమెరాల్లో కూడా చాలావాటికి ఈ సౌకర్యం లేదు.

మూడోది, సున్నం కొట్టిన గోడలు, నాపరాయి బండలు. వీటి మీద ఎండ పడితే ఫొటోలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. అందుకని ఆరుబయట ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 దగ్గర పెట్టి ఉంచుతాను. నీడలో వివరం ఉంటే తర్వాత కంప్యూటర్లో పైకి తేవచ్చు. తెల్లగా మాడిపోయినదాన్ని ఎవరూ తేలేరు.

దుమ్ము గురించి కూడా చెప్పాలి. బేతంచెర్ల వైపు బండల గనుల దగ్గర గాలి వీస్తున్నప్పుడు లెన్సు విప్పితే సెన్సర్ మీద మచ్చలు పడతాయి. ఆరుబయట లెన్సు మార్చను. ఇంట్లో ఫ్యాను ఆపి, కెమెరా ముఖం కిందికి పెట్టి మారుస్తాను. రబ్బరు బుడ్డితో గాలి కొడతాను, నోటితో ఊదను.

ఇక దీనికి చేతకానివి. రోళ్లపాడు గడ్డిమైదానాల్లో కృష్ణజింకలు కనిపిస్తాయి. దీంతో వచ్చిన 18-55 లెన్సుతో తీస్తే జింక నల్లపూసంత ఉంటుంది. బెలుం గుహల్లో 3,229 మీటర్ల పొడవునా వెలుతురు అక్కడక్కడే. లోపలి వేడికి, ఉక్కకు లెన్సు మీద ఆవిరి పడుతుంది. ఐ.ఎస్.ఓ. 1600 పెడితే ఫొటోలో నలుసులు కనిపిస్తాయి. అక్కడ నేటి ఫోనే మెరుగు. గండికోటలో మాత్రం సాయంత్రం కోట అంచున నిలబడి 18 దగ్గర పెడితే, పెన్నా కోసుకున్న లోయ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వచ్చేస్తుంది. ఆ ఎర్రరాతికి ఆ పొద్దు తగిలినప్పుడు ఆరు మెగాపిక్సెళ్లు తక్కువయ్యాయని నాకు ఎన్నడూ అనిపించలేదు.

ఆరు మెగాపిక్సెళ్లంటే ఎంతో ఒక లెక్క చూద్దాం. ఫొటో అడ్డంగా 3,008 చుక్కలు, నిలువుగా 2,000. అచ్చులో అంగుళానికి 300 చుక్కలుంటే చాలు. అంటే పది అంగుళాల వెడల్పు ఫొటో నిక్షేపంగా వస్తుంది. రేపు అచ్చయ్యే మన సంచికలో పేజీ కూడా అంత వెడల్పు ఉండదు. ఇంకో లెక్క. పాత పోస్టుకార్డు సైజు ఫొటో వెడల్పు ఆరు అంగుళాలు. దాన్ని ఈ కెమెరాతో తిరిగి తీస్తే అంగుళానికి 500 చుక్కలు. సాధారణంగా ఆ కాగితం మీద ఉన్న వివరం కంటే అది ఎక్కువే.

ఈ రెండో లెక్కే నా కెమెరాకు అసలు పని చూపించింది.

2008 దసరా సెలవుల్లో కర్నూలు పాతబస్తీలో మన బడి మిత్రుడొకడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ ఇనుప పెట్టెలోంచి ఆల్బం తీసింది. "అబ్బయ్యా, మీ కెమెరాతో వీటిని మళ్లీ తీయొచ్చా?" అని అడిగింది. కిటికీ పక్కన బల్ల వేసి, రెండు పూటలు కూర్చొని, నూట నలభై ఫొటోలు తీశాను. మిత్రుడికి ఒక సీడీ ఇచ్చాను. ఇంకొకటి కడపలో మా బీరువాలో పెట్టుకున్నాను. ఆ ఆల్బంలో వాడి నాయనది ఒకే ఒక్క ఫొటో ఉంది, చేన్లో ఎద్దుల పక్కన నిలబడి ఉన్నది.

2009 అక్టోబరు 2. ఆ తేదీ కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. మిత్రుడి కుటుంబం మిద్దె మీద రాత్రి గడిపి ప్రాణాలతో బయటపడింది. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద. పెట్టెలో ఆల్బం ఒక ముద్దయిపోయింది. ఫొటో కాగితం మీద ఉండేది జెలటిన్ పొర. అది తడిస్తే మెత్తబడి పక్క ఫొటోకు అతుక్కుంటుంది, అలాగే ఎండితే విడదీసినప్పుడు బొమ్మ ఊడి వస్తుంది. మిత్రుడికిచ్చిన సీడీ కూడా అదే ఇంట్లో పోయింది. కడప సీడీ మిగిలింది.

దాంట్లోంచి ఆ నూట నలభై ఫొటోలు ప్రింటు వేయించి తీసుకెళ్లాను. వాళ్లమ్మ ఎద్దుల పక్కనున్న ఫొటో ఒక్కటి చేతిలోకి తీసుకుంది. మిగతావి ఆ రోజు చూడలేదు.

ఇంజినీర్లుగా మేము నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి, ముఖ్యమైన పంపుకు రెండో పంపు పెట్టాలని. రెండూ ఒకే గుంతలో పెడితే ఒకటి పెట్టినట్టే. ఫొటోలకూ అంతే. రెండు ప్రతులు ఒకే ఊళ్లో ఉంటే అది ఒక్క ప్రతి కిందే లెక్క.

ఇక ఈ పని ఎలా చేయాలో చెబుతాను, మీ ఇంట్లో మీరే చేసుకోవచ్చు. కెమెరా లేకపోతే మంచి ఫోనైనా చాలు. సూటిగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేయండి. ఫొటోను అద్దం ఫ్రేములోంచి తీసి పరచండి. అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకండి, అలాగే తీయండి. కెమెరాను స్టాండుకు బిగించి నేరుగా కిందికి చూసేలా పెట్టండి. సరిగ్గా సమానంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఫొటో ఉండాల్సిన చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా నడుమ కనిపిస్తే కెమెరా, బల్ల సమానంగా ఉన్నట్టే. ఫ్లాష్ ఆపేయండి. ఐ.ఎస్.ఓ. 200, లెన్సు ద్వారం ఎఫ్ 8. చేయి తగలకుండా టైమర్ పెట్టండి. రంగు తేడా రాకుండా పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి మొదటి ఫొటో తీయండి. బడి గ్రూపు ఫొటోల్లాంటి పెద్దవాటిని రెండు భాగాలుగా తీసి తర్వాత కలపండి. ఫొటో వెనక ఏదైనా రాసి ఉంటే దాన్నీ తీయండి.

ఎప్పుడైనా ఫొటోలు తడిస్తే గుట్టగా ఎండనివ్వకండి. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి వచ్చేలా నీడలో బట్ట మీద పరచండి.

ఇక నేను అడగదలచినది. ఈ సంచిక కోసం మేము అయిదుగురం కూర్చొని బడి పాత గ్రూపు ఫొటోలు ముందేసుకున్నాం. ఉపాధ్యాయుల పేర్లు కింద అచ్చయి ఉన్నాయి. పిల్లల పేర్లు చాలావాటికి లేవు. 1985 ఫొటోలో కుడివైపు చివరన, ఖాకీ చొక్కాతో, సగం మాత్రమే ఫ్రేములో పడి ఒకాయన నిలబడి ఉన్నాడు. మనకు గంట కొట్టిన తాత. ఆ గంట కోసం మనం ఎంత ఎదురుచూశామో అందరికీ తెలుసు. ఆయన పేరేమిటని అడిగితే అయిదుగురిలో ముగ్గురం మూడు పేర్లు చెప్పాం, ఇద్దరు తెలియదన్నారు. ఆ ఫొటో తీసుకొని మన తెలుగు సారు ఇంటికి వెళ్లాను. సారుకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. కంప్యూటర్లో ఆ మూలను పెద్దది చేసి చూపించాను. చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆయన పేరూ, ఊరూ, ఆయన కూతురు ఏ సంవత్సరం మన బడిలోనే చదివిందీ చెప్పారు. మేము చెప్పిన మూడు పేర్లలో అది లేదు. ఆ పేరు ఈ సంచికలో ఆ ఫొటో కింద అచ్చవుతుంది.

ముఖం కెమెరాలో పడుతుంది. పేరు ఏ కెమెరాలోనూ పడదు. పేరు ఎవరికో ఒకరికి గుర్తుండాలి, వాళ్లు ఉన్నప్పుడే మనం అడగాలి. ఆ సారులాంటి వాళ్లు మనకు ఇంకెంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి.

అందుకని వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటి నుంచి మన పదో తరగతి గదిలో, ఉత్తరం కిటికీ పక్కన, నేను బల్ల వేసుకొని కూర్చుంటాను. మీ దగ్గరున్న బడి ఫొటోలు తీసుకురండి. గ్రూపు ఫొటోలే కానక్కర్లేదు. ఆటల పోటీలు, వార్షికోత్సవం నాటకాలు, విహారయాత్రలు, గేటు బయట రేగుపండ్లు అమ్మిన అవ్వ, ఏదైనా సరే. మీ కళ్లముందే తీసి, మీ ఫొటో మీ చేతికే ఇచ్చేస్తాను. పక్కనే ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో మీకు తెలిసినంత రాయండి. తెలియని చోట ఖాళీ వదలండి, తర్వాత వచ్చినవాళ్లు నింపుతారు. గురువులు కూడా వస్తే మాకు సగం పని తప్పుతుంది. రాలేని సార్ల ఇళ్లకు, టీచర్ల ఇళ్లకు నేనే వస్తాను, ఎప్పుడు వీలో కబురు పెట్టండి.

తీసినవన్నీ మూడు ప్రతులు చేస్తాను. ఒకటి బడికి, ఒకటి కర్నూలులో సంఘానికి, ఒకటి కడపకు. ఒక్క వరద మూడింటినీ తీసుకుపోలేదు.

కొత్త కెమెరా ఎప్పుడు కొంటావని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. ఈ పని అయ్యాక ఆలోచిస్తాను.  ఆదివారం కలుద్దాం.