పాయింట్లు ఉన్నవి - సీటు ఎక్కడ?

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే శాస్త్రిగారు పంచాంగము చదివి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది వినిపించినారు. అంతటివారి తరువాత మాట్లాడుట మాకు కష్టమే. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనువారము. సాహిత్యము మాకు రాదు. అయితే కార్యవర్గమువారు, "మీరు టిక్కెట్ల మనుషులు గదా! మా పిల్లలు విమానపు పాయింట్లు లక్షలున్నవి అంటారు, సీటు మాత్రము లేదంటారు. ఆ కథ ఏమిటో చెప్పండి" అన్నారు. కావున పంచాంగము భాషలోనే మొదలుపెట్టెదము. పాయింట్ల ఆదాయము అందరికీ తెలియును. వాటి వ్యయము చేయుటే ఎవరికీ తెలియదు.

ఈ సంగతి మన ఊరివారికి ఎందుకని ఎవరైన అడుగవచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడిన నాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము అటు పోయినవి. బళ్ళారి ఇటు మైసూరులో కలిసినది. అప్పటికే ఇక్కడ పాతుకొన్న తెలుగు కుటుంబములు కొన్ని. ఉక్కు కర్మాగారము వచ్చిన తరువాత పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబములు మరి కొన్ని. మనము ఇక్కడికి వలస వచ్చినాము. మన పిల్లలు మనలను విడిచి హ్యూస్టనుకు, సింగపూరుకు, దుబాయికి వలస పోయినారు. పండుగ పూట ఈ సభలో ముసలి తల్లిదండ్రులు ఎందరున్నారో, వారి పక్క కుర్చీలు ఎన్ని ఖాళీగా ఉన్నవో చూడండి. అందుకే ఈ ప్రసంగము.

మన పక్కనే విద్యానగరములో విమానాశ్రయమున్నది. చిన్న విమానములు దిగును. 2017లో ట్రూజెట్ వారు ఉడాన్ పథకము కింద హైదరాబాదుకు సర్వీసు నడిపినప్పుడు మనమందరము గోడ పక్కన నిలబడి చూచినాము. 2022లో ఆ కంపెనీయే మూతబడినది. ఇట్టి చిన్న ఊళ్ళకు సర్వీసులు వచ్చును, పోవును. కావున దూరదేశపు ప్రయాణమునకు బెంగుళూరో, హైదరాబాదో మన గుమ్మము అనుకొనవలెను.

ఇక పాయింట్లనగా నేమి? 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు ఈ తరచు ప్రయాణికుల పథకము పెట్టినారు. అదే నెలలో యునైటెడ్ వారును పెట్టినారు. మా కంపెనీలో ఎక్కిన ప్రతి మైలు లెక్క రాసి ఉంచెదము, తగినన్ని చేరిన తరువాత ఒక ప్రయాణము ఉచితమన్నారు. తరువాత బ్యాంకులు దూరినవి. నేడు ఉప్పు, పప్పు, పెట్రోలు క్రెడిట్ కార్డు మీద కొన్నను పాయింట్లు రాలును. మా వంటి గుమాస్తా ఇంటిలో సైతము ఎవరో ఒకరి పేర కొన్ని వేలు పడియుండును.

ఇక్కడ ఒక మర్మమున్నది. విమానములో ఖాళీగా కనిపించు ప్రతి సీటు పాయింట్లకు ఇయ్యరు. రొక్కమునకు అమ్ముడుపోదని కంపెనీ అనుకొన్న సీట్లే, ఒకటో రెండో, ఒక్కొక్కనాడు సున్నాయో, పాయింట్లవారికి విడుదల చేయుదురు. ఇది కోటా. కోటా అన్నమాట మాకు అన్నము పెట్టుచున్న మాట గనుక కొంచెము విప్పి చెప్పెదము.

రైల్వే ఉద్యోగులకు సాలుకు కొన్ని ప్రివిలేజి పాసులుండును. పాసు చేతిలో ఉన్నంత మాత్రాన బెర్తు ఉన్నట్లు కాదు. మా శాఖలో కొత్తగా చేరిన కుర్రవాడు పాసు వచ్చినదని పెళ్ళాము బిడ్డలతో స్టేషనుకు వచ్చి, వెయిటింగు లిస్టు చూచి తెల్లబోవుట ఏటేటా చూచుచున్నాము. పాయింట్లును అట్టివే. అవి ప్రయాణమునకు హక్కు. సీటు వేరు.

తోరణగల్లు నుండి బెంగుళూరుకు బెర్తు లేదని కంప్యూటరు చెప్పినప్పుడు అనుభవమున్న ప్రయాణికుడు కౌంటరు వదలడు. "అయ్యా, హోస్పేట నుండి చూడండి. హుబ్బళ్ళి నుండి చూడండి" అనును. బండి ఒకటే. ఏ స్టేషనుకు ఎంత కోటా అన్నదే తేడా. విమానమునకును ఇట్లే వెదుకవలెను. హైదరాబాదు నుండి లేకున్న బెంగుళూరు, అదియు లేకున్న చెన్నై, బొంబాయి. అయితే ఒక ముఖ్యమైన భేదము మరువరాదు. రైలులో టిక్కెట్టు హుబ్బళ్ళి నుండి తీసి, బోర్డింగు స్టేషను తోరణగల్లుకు మార్పించుకొనవచ్చును. విమానములో అది చెల్లదు. మొదటి విమానము ఎక్కకపోతే ముందరి విమానములన్నియు రద్దగును. ఇది తెలియక సగము దారిలో ఎక్కబోయి నష్టపోయినవారు ఉన్నారు.

ఇప్పుడు మా ఇంటి కథ చెప్పవలెను. మనసు రాదు గాని, చెప్పనిదే మీకు ఉపయోగము లేదు.

మా తమ్ముడు హ్యూస్టనులో ఉద్యోగము చేయుచున్నాడు. 2023 ఫిబ్రవరిలో మా తండ్రిగారికి ఉన్నట్టుండి జబ్బు ముదిరినది. బళ్ళారి ఆసుపత్రిలో చేర్చి తమ్ముడికి ఫోను చేసినాము. వాడి బ్యాంకు కార్డు మీద 90,000 పాయింట్లున్నవి. "అన్నా, సీటు కనిపించుచున్నది, వచ్చేస్తున్నాను" అన్నాడు. ఆత్రములో ఆ పాయింట్లన్నిటిని ఒక విమాన కంపెనీ ఖాతాలోనికి మార్చినాడు. మార్చిన పాయింట్లు చేరుటకు రెండు రోజులు పట్టినది. చేరినంతలో ఆ సీటు లేదు. అసలు అది ఉన్నదో లేదో కూడ చెప్పలేము. ఇట్టి సీట్లు తెర మీద కనిపించును, పట్టబోతే ఉండవు. సీతమ్మవారు చూచిన బంగారు లేడి వంటివి. పాయింట్లు బ్యాంకుకు తిరిగి రావు, అది నియమము. ఆ రెండు రోజులు ఎదురుచూచి, చివరకు అప్పు చేసి రొక్కమునకు టిక్కెట్టు కొని బయలుదేరినాడు. వాడు బెంగుళూరులో దిగునప్పటికి మేము శ్మశానము నుండి తిరిగి వచ్చియుంటిమి.

ఆ కంపెనీ పేరు చెప్పము. తప్పు వారిదని కూడ అనము. మేము, మా తమ్ముడు ఇద్దరమును ఈ పద్ధతి ఎరుగకపోవుటయే తప్పు. ఎరిగియుంటే మొదటి నాడే రొక్కము పెట్టి టిక్కెట్టు కొని, పాయింట్ల జోలికి పోకుండ ఉండెడివాడు. ఒకటిన్నర రోజు మిగిలెడిది. తండ్రి ఆఖరి చూపు దక్కెడిది. దినములు ముగిసిన పిమ్మట వాడు తిరిగి పోవునప్పుడు హంపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చి, ఆ రాత్రి ఒక నోటుబుక్కు తీసి ఈ విద్య నేర్చుకొన మొదలుపెట్టినాము. నేర్చినది చెప్పెదము.

మొదటి పాఠము: ముందు సీటు, తరువాత పాయింట్లు. సీటు కంట బడినంత మాత్రాన బ్యాంకు నుండి మార్చరాదు. అదే సీటు కూటమిలోని మరో కంపెనీ వారి పుటలో కూడ కనిపించుచున్నదా చూడవలెను. లేదా ఫోను చేసి నిజముగా ఉన్నదా అని అడుగవలెను. పాయింట్లు చేరుటకు ఎంత కాలము పట్టునో తెలిసికొనవలెను. బ్యాంకులో ఉన్నంతవరకు అవి నాలుగు దారులు పోగలవు. ఒకసారి మార్చితే ఒకటే దారి.

రెండవ పాఠము: కూటములు. 1997లో ఐదు కంపెనీలు కలిసి స్టార్ అలయెన్స్ అని పెట్టుకొన్నవి. మన ఎయిర్ ఇండియా 2014 జులైలో అందులో చేరినది. దీని ఫలితమేమనగా ఒక కంపెనీ పాయింట్లతో కూటములోని మరో కంపెనీ విమానమెక్కవచ్చును. వన్ వరల్డ్, స్కైటీమ్ అని మరి రెండు కూటములున్నవి. తమ కంపెనీ విమానములో సీటు లేదని పిల్లలు చేతులెత్తివేసినప్పుడు, "కూటమి వారి విమానములు చూచినావా నాయనా?" అని అడుగండి.

మూడవ పాఠము: కాలము. మా రైళ్ళలో ముందస్తు రిజర్వేషను 120 రోజులుండెడిది, 2024 నవంబరు 1 నుండి 60 రోజులు చేసినారు. విమానములకు చాలా కంపెనీలు 330 మొదలు 360 రోజుల ముందే తలుపు తెరచును. తెరచిన నాడు కొన్ని పాయింట్ల సీట్లుండును. నడుమ నెలలలో కరువు. మరల ప్రయాణము రెండు వారములలో ఉన్నదనగా, అమ్ముడుపోని సీట్లు కొన్ని వదలుదురు. చార్టు వేళకు ఖాళీలు బయటపడినట్లన్న మాట. సంక్రాంతికి, వేసవి సెలవులకు, క్రిస్మసుకు మాత్రము ఆశ తక్కువ. మంగళ, బుధవారములు చూడుట మేలు.

నాల్గవ పాఠము: ముక్కలుగా వెదుకుట. బెంగుళూరు నుండి హ్యూస్టను అని ఒక్కసారి అడిగితే లేదనును. బెంగుళూరు నుండి ఫ్రాంక్‌ఫర్టు వేరుగా, అక్కడినుండి హ్యూస్టను వేరుగా అడుగవలెను. రెండును దొరికిన రోజు పట్టుకొని, ఒకే టిక్కెట్టుగా కట్టించుకొనవలెను. వేర్వేరు టిక్కెట్లయితే మొదటి విమానము ఆలస్యమైనప్పుడు రెండవవారు బాధ్యత వహింపరు.

ఈ విద్య ఫలించిన కథ కూడ చెప్పవలెను గదా. మా తమ్ముని భార్యకు 2024 నవంబరులో కాన్పు. అమ్మను పంపవలెను. వీసా అంతకు ముందే వచ్చియున్నది. చిక్కుకొన్న ఆ 90,000 పాయింట్లు అదే కంపెనీలో ఉన్నవి. డ్యూటీ దిగి వచ్చి, రాత్రి భోజనమైన పిమ్మట అరగంట కూర్చుండి, నోటుబుక్కులో రెండు వరుసలు గీసి రాసికొనుచు వచ్చినాము. ఒక వరుసలో బెంగుళూరు ముక్క, రెండవ వరుసలో హ్యూస్టను ముక్క. ఒకటి ఉన్ననాడు మరొకటి లేదు. ఇరువది మూడవ రాత్రి ఒక గురువారము మీద రెండును కలిసినవి. వెంటనే తమ్ముడికి ఫోను. వాడు కంపెనీకి ఫోను చేసి రెండు ముక్కలు ఒకే టిక్కెట్టులో కట్టించినాడు. పన్నులు మాత్రము రొక్కముగా కట్టవలసి వచ్చినది. ఉచితమనునది పూర్తిగా ఉచితము కాదని గుర్తుంచుకొనుడు. కొన్ని కంపెనీలు ఇంధనపు సర్‌చార్జి కూడ బాగుగనే వేయును.

అమ్మకు ఇంగ్లీషు రాదు. టిక్కెట్టుతో పాటే వీల్‌చెయిరు సహాయము అడిగినాము. నడుమ ఊరిలో విమానము మారుటకు మూడు గంటలుండునట్లు చూచినాము. నడుమ దేశమునకు వీసా కావలెనా అన్నది ముందే విచారించినాము. విమానము రాత్రికి కాగా, ఆ ఉదయమే బెంగుళూరు చేరునట్లు ముందటి రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్‌లో తీసికొని పోయినాము. రైలు ఆలస్యమైతే విమానము ఆగదు. రైల్వేవారమై ఈ మాట మేమే చెప్పుచున్నాము!

విమానాశ్రయము గుమ్మము దగ్గర అమ్మ మా చేయి పట్టుకొని, "ఒరే పెద్దోడా, మీ నాయన కోసరము వాడు తీసిపెట్టిన సీటేనా ఇది?" అని అడిగినది. పాయింట్లు అవే. అవునని చెప్పినాము. ఇంకొక మాట మా నోట రాలేదు. అమ్మ కళ్ళు తుడుచుకొని, ఊరగాయ సీసా చీర మడతల నడుమ సరిగా ఉన్నదా అని పెట్టె తడిమి, లోపలికి పోయినది. కాన్పు నాటికి వాడి ఇంట ఉన్నది.

కొందరు పాయింట్లను బంగారమువలె దాచుదురు. అది కూడదు. జెట్ ఎయిర్‌వేస్ విమానములు 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినవి. వారి మైళ్ళు మరో పేరుతో మిగిలినవి గాని ఎక్కుటకు ఆ విమానములే లేకపోయెను. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయినది, పాయింట్లును అటు తరలినవి. గడువులును ఒకరిది ఒకరివలె ఉండవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి మైళ్ళకు మామూలుగా మూడేండ్లు గడువు. యునైటెడ్ వారు 2019లో గడువే ఎత్తివేసినారు. ఒక సీటుకు ఎన్ని పాయింట్లన్న ధర మాత్రము ఏ కంపెనీయైనను ఏనాడైనను పెంచవచ్చును. కావున దాచుట కన్న వాడుట మేలు.

సోదర సోదరీమణులారా, ఉగాది పచ్చడి తిని ఇంటికి పోయిన తరువాత ఈ రోజే మీ పిల్లలకు ఫోను చేయండి. నాలుగు ప్రశ్నలు అడుగండి. ఏ కంపెనీలో, ఏ బ్యాంకులో ఎన్ని పాయింట్లున్నవి? గడువు ఎప్పుడు? అమ్మానాన్నల పేర్లు ఆ ఖాతాలో చేర్చినావా? కొన్ని కంపెనీలలో ముందుగా పేరు చేర్చినవారికే టిక్కెట్టు ఇత్తురు. ఇక నాల్గవది: ఆపద వచ్చినప్పుడు పాయింట్ల కోసము ఒక్క గంటకు మించి వెదుకనని మాట ఇచ్చెదవా? ఆ గంటలో దొరకకపోతే రొక్కము పెట్టి ఎక్కవలెను. అందుకు కావలసిన సొమ్ము విడిగా ఉంచుకొనవలెను. పాయింట్లు పండుగలకు, కాన్పులకు, పెండ్లిళ్ళకు. ఆపదకు రొక్కము.

మా తండ్రిగారి విషయములో ఈ నాల్గవ ప్రశ్న ఎవరూ అడుగలేదు. మీ ఇంట అడుగుదురని ఆశించుచున్నాము.