పొడి రాసే ముందు

ఈరోజు పట్టాలు అందుకుంటున్న పశువైద్యులందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

రేపు మీరు ఊళ్లో అడుగుపెట్టగానే రైతు అడుగుతాడు: “డాక్టరు గారూ, దూడకు ఎదుగూ బొదుగూ లేదు, ఏదన్నా పొడి రాయండి.” మందుల షాపులో పొడులకు కొదవలేదు. వాటిలో పనికొచ్చేవీ ఉన్నాయి. లాక్టోబాసిల్లస్ వంటి మేలుచేసే సూక్ష్మజీవులు పేగుల్లో హానికర క్రిములకు చోటు దక్కనివ్వవు. ఈస్టు నుంచి తీసే మానన్ ఆలిగోశాకరైడ్లు ఇ.కోలై పేగు గోడకు అంటుకోకుండా అడ్డుపడతాయి. కానీ చీటీ రాసే ముందు కొట్టంలోకి వెళ్లి దూడను చూడండి.

ముర్రుపాలు ఎప్పుడు తాగిందో అడగండి. కడుపులో ఉండగా దూడకు తల్లి నుంచి యాంటీబాడీలు అందవు. పుట్టాక వాటిని పేగులు నేరుగా రక్తంలోకి పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గి, ఒక్క రోజులో పోతుంది. అయినా మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు రానివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ముప్పై కిలోల దూడకు దాదాపు 3 లీటర్ల ముర్రుపాలు కావాలి, అదీ వీలైనంత త్వరగా. ఆ గంటలు చేజారితే ఏ పొడీ ఆ లోటు తీర్చలేదు.

దాణా రుచి చూపించారా? తాగిన పాలు నేరుగా నాలుగో పొట్టకు వెళ్తాయి. మొదటి పొట్ట అయిన రుమెన్ ఎదగాలంటే దాణా అక్కడ పులవాలి. అప్పుడు పుట్టే బ్యూటిరేటే దాని లోపలి గోడమీద పాపిల్లాలను పెంచుతుంది. రెండోవారం నుంచే గుప్పెడు దాణా, శుభ్రమైన నీళ్లు అందుబాటులో ఉంచమనండి. గేదె దూడకైతే తల్లి పాలతోనే ఏలికపాములు వస్తాయి. నట్టల మందు వేశారో లేదో కనుక్కోండి.

పారుకుంటున్న దూడ మెడమీద చర్మాన్ని పట్టి వదలండి. వెంటనే సర్దుకోకపోయినా, కళ్లు లోతుకు పోయినా ముందు కావలసింది ఉప్పూ గ్లూకోజూ కలిసిన నీళ్లు.

మరొక మాట. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయోటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లో పూర్తిగా ఆపేసింది. మన దేశం 2019లో పశువులకు, కోళ్లకు, చేపలకు కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. అది ప్రాణాల మీదకు వచ్చిన మనిషికి డాక్టర్లు ఆఖరున వాడే మందు. కొట్టంలో మొండికేసిన క్రిమి ఆసుపత్రి దాకా రాగలదు. మీ సంతకం పశువుతో పాటు మనిషికీ రక్షణే.

పేద ఇంట్లో పెయ్యదూడ అంటే రేపటి పాడి. దాన్ని బతికించే పని ఖరీదైన పొడితో కాదు, మీరు ఓపిగ్గా అడిగే ప్రశ్నతో మొదలవుతుంది. ఈనిన వెంటనే ముర్రుపాలు పట్టే అలవాటు మీరు పనిచేసే ప్రతి ఊళ్లోనూ నిలబెట్టండి. మీకు శుభం కలగాలి.