హోం మంత్రి గారి పని, మన పని



"హోం మంత్రే ఆడమనిషి, ఇంక మనకేం భయం?" అని గ్రామ సంఘాల్లో అంటున్నారు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో సబితా ఇంద్రారెడ్డి గారు, 2019లో మేకతోటి సుచరిత గారు, తర్వాత తానేటి వనిత గారు, 2024లో వంగలపూడి అనిత గారు హోం మంత్రులయ్యారు. మనకు సంతోషమే.

రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రం చేతిలో ఉంటుంది. హోం శాఖ గురించి అసెంబ్లీలో అడిగితే జవాబు చెప్పాల్సింది ఆ మంత్రి. కానీ మన కేసు రాసేది మంత్రి కాదు, స్టేషన్‌లో ఉన్న అధికారి.

మన సభ్యురాలు ఒకామె భర్త కొట్టాడని వెళితే "ఇది మా పరిధి కాదు" అని పంపేశారు. మర్నాడు మేం నలుగురం తోడు వెళ్లాం. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో జీరో ఎఫ్ఐఆర్ ఉంది, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా రాసుకోవాలి అన్నాం. రాసుకున్నారు. కాపీ కూడా ఉచితంగా ఇచ్చారు. ఒకవేళ కాదంటే ఎస్పీ గారికి రాతపూర్వకంగా పంపవచ్చు.

పొదుపు పుస్తకంలో రాయని రూపాయిని మనం లెక్కలోకి తీసుకుంటామా? ఫిర్యాదూ అంతే. కాగితం మీదికి రాని దెబ్బకు ఏ మంత్రీ జవాబు చెప్పలేరు.

అందుకే ఇకమీదట ఏ సభ్యురాలూ స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లకూడదు. సంఘం నుంచి ఇద్దరు తోడు వెళ్లాలి. ఆపదలో 112, సాయానికి 181. ఈ రెండు నంబర్లూ ప్రతి మినిట్స్ పుస్తకం అట్ట మీద రాసుకుందాం.