చేతికి సబ్బు, వీధికి నీరు
(వినుకొండలో 2020 నవంబరులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఎనిమిది నెలల తరువాత మనం ఇలా ఒకచోట కూర్చున్నాము. రాష్ట్రంలో కరోనా సోకిన వారి సంఖ్య ఎనిమిది లక్షలు దాటింది. ఈ సభలోనే ఆప్తులను పోగొట్టుకున్నవారు ఉన్నారు. మరణించిన వారందరికీ అల్లాహ్ మన్నింపును ప్రసాదించుగాక.

హక్కుల గురించి మాట్లాడవలసిన వేదికపై చేతులు కడుక్కోవడం గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. మా ఉద్దేశంలో ఈ చిన్న విషయంలోనే మన బాధ్యత, మన హక్కు రెండూ కలిసి ఉన్నాయి. ఒకదానిని విడిచి మరొకదాని గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.

మొదట మన మనస్సులలోని గాయం గురించి చెప్పుకోవాలి. గత మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశం వార్తలలోకి వచ్చిన నాటి నుండి ఒక వ్యాధికి ఒక మతం పేరు అంటగట్టారు. ముస్లింలు కావాలనే వైరస్‌ను వ్యాపింపజేస్తున్నారని, పండ్లపై ఉమ్ముతున్నారని అబద్ధపు వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. మాకు తెలిసిన ఒక పండ్ల వ్యాపారి ఏప్రిల్ నెలలో ముప్పై ఏళ్ళుగా తిరిగిన వీధిలోనే బండి వెనక్కు తిప్పుకొని వచ్చాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పేరు అడిగారు, తలుపులు వేసుకున్నారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 29 మంది విదేశీయులపైన, వారితోపాటు కొందరు భారతీయులపైన పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించింది. ఆ తీర్పు మనకు ఊరటనిచ్చింది. అయితే వీధిలో మూసుకున్న తలుపు న్యాయస్థానం తీర్పుతో వెంటనే తెరుచుకోదు.

ఆ నింద బాధలో మనలో కొందరు ఒక సమాధానం వెదుక్కున్నారు. "మేము రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవాళ్ళం, మాకు ఏమీ కాదు" అన్నారు. ఈ మాట మేము ఎన్నో ఇళ్ళలో విన్నాము. మేము కూడా ఒకటి రెండుసార్లు అన్నాము. దయచేసి దీనిని మానుకుందాము. మన ధర్మం నేర్పిన పరిశుభ్రతపై గర్వపడటం తప్పు కాదు. ఆ గర్వమే మనల్ని అజాగ్రత్తలోకి నెట్టితే అది తప్పు.

చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1847లో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు పనిచేసేవాడు. ప్రసూతి వార్డులో బాలింతలు జ్వరంతో మరణిస్తుండేవారు. శవపరీక్షలు చేసిన వైద్యులు అవే చేతులతో కాన్పులు చేస్తున్నారని ఆయన గుర్తించాడు. సున్నపు క్లోరిన్ ద్రావణంలో చేతులు కడుక్కొని గానీ వార్డులోకి రాకూడదని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మందికి పైగా ఉన్న మరణాలు జూన్ నాటికి రెండుకు దిగివచ్చాయి. అయినప్పటికీ తోటి వైద్యులలో చాలామంది అంగీకరించలేదు. తమవంటి పెద్దమనుషుల చేతులు రోగం మోస్తాయా అని వారికి కోపం వచ్చింది. తాను శుభ్రంగానే ఉన్నానన్న నమ్మకం కంటికి కనిపించని మురికిని మరింత దాచిపెడుతుంది. అది వియన్నా వైద్యునికైనా, వినుకొండ నమాజీకైనా ఒకటే.

వుజూ గొప్పతనం మనకు తెలుసు. మణికట్ల వరకు చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల వరకు బాహువులు, తలపై మసహ్, పాదాలు. ఎడారి నేలపై ఇంతటి శుభ్రతను దినచర్యగా చేసిన ధర్మం మనది. కానీ వుజూ ఆరాధనకు సిద్ధం చేసే శుచి. అందులో సబ్బు షరతు కాదు, ఇరవై సెకన్ల పాటు రుద్దాలన్న నియమమూ లేదు. మరొక సంగతి గమనించండి. వుజూలో మనం అదే చేతితో నోట్లోకి, ముక్కులోకి నీరు తీసుకుంటాము. చేతిపై వైరస్ ఉంటే అది ప్రవేశించే ద్వారాలు అవే. కనుక బజారు నుండి, పొలం నుండి, మిల్లు నుండి వచ్చినవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కొని, ఆ తరువాతనే వుజూ మొదలుపెట్టాలి. దీనికి షరీఅత్‌లో ఏ అభ్యంతరమూ లేదు. నిద్ర లేచినవాడు చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచరాదని, రాత్రి తన చేయి ఎక్కడ ఉన్నదో అతనికి తెలియదని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసులో ఉంది. చేయి దేనిని తాకిందో మనకు తెలియదు, కనుక కడగాలి. ఈనాటి వైద్యులు చెప్పేది కూడా ఇదే.

మరి నీళ్ళు చాలవా, సబ్బు ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం మన పల్నాడు స్త్రీలకు పుస్తకం చదవకుండానే తెలుసు. రోజంతా మిరపకాయల తొడిమలు తీసిన తల్లిని అడగండి. సాయంత్రం బిందెడు నీళ్ళు గుమ్మరించుకున్నా చేతి మంట తగ్గదు. కాస్త నూనె రాసి, సబ్బుతో బాగా రుద్దితేనే ఉపశమనం. మిరపలోని ఘాటు నూనెలో కరుగుతుంది గాని నీటిలో కరగదు. కరోనా వైరస్‌పై ఉన్న పొర కూడా కొవ్వుతో ఏర్పడినదే. సబ్బులోని ప్రతి అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, మరొక కొస కొవ్వును పట్టుకుంటుంది. రుద్దే కొద్దీ అవి ఆ పొరలోకి చొరబడి దానిని చీల్చివేస్తాయి. పొర చీలిన వైరస్ పనికిరాకుండా పోతుంది, నీటితో కొట్టుకుపోతుంది. ఇందుకు కొంత సమయం కావాలి. నిదానంగా ఇరవై లెక్కపెట్టేంత సేపు అరచేతులు, చేతి వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళు రుద్దాలి. ఖరీదైన సబ్బు అవసరం లేదు. బట్టల సబ్బు ముక్క అయినా పనిచేస్తుంది.

మన అలవాటును ఒకసారి పరిశీలించుకుందాము. జాతీయ నమూనా సర్వే 76వ విడత, 2018లో దేశమంతటా అడిగి చూసింది. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు ఉన్నది నూటికి సుమారు 36 కుటుంబాలలోనే. సుమారు 60 కుటుంబాలలో నీటితో సరిపెట్టుకుంటారు. ఇది అన్ని మతాల, అన్ని కులాల అలవాటు. మన దావతులలో కూడా చూడండి. భోజనానికి ముందు చేతులపై నాలుగు చుక్కలు నీళ్ళు పోస్తారు. తిన్న తరువాత మసాలా జిడ్డు పోవడానికి సబ్బు అందిస్తారు. ఈ వరుసను తిరగవేద్దాము. దస్తర్‌ఖాన్ పరిచే ముందే సబ్బు రావాలి. ఒకే పళ్ళెంలో పలువురు తినే ఆచారాన్ని ఈ మహమ్మారి తగ్గేవరకు పక్కన పెడదాము. వంటకు ముందు, మరుగుదొడ్డికి వెళ్ళివచ్చిన తరువాత, పసిబిడ్డను శుభ్రపరచిన తరువాత, దగ్గు, తుమ్ము వచ్చిన తరువాత, రోగికి సేవ చేసే ముందు, చేసిన తరువాత కడుక్కోవాలి.

సబ్బు, నీరు దొరకని చోట శానిటైజర్ వాడవచ్చు. అందులో ఆల్కహాల్ కనీసం 60 శాతం ఉండాలి. పైపూతగా దీనిని వాడవచ్చునని అనేకమంది ఉలమాలు స్పష్టం చేశారు. అయితే మట్టి, జిడ్డు అంటిన చేతులపై అది సరిగా పనిచేయదు. దానిని పిల్లలకు అందనివ్వకండి. మనకు కూతవేటు దూరంలోని కురిచేడులో గత జూలై చివర మద్యం దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

చేతులు కడుక్కుంటే చాలు, కరోనా రాదని మేము చెప్పడం లేదు. అది ప్రధానంగా నోటి తుంపరల ద్వారా, గాలి ఆడని గదులలో శ్వాస ద్వారా వ్యాపిస్తుంది. మాస్కు, దూరం, తెరిచిన కిటికీలు తప్పనిసరి. కానీ చేతి శుభ్రత వల్ల విరేచనాలు, ఇతర జలుబు, దగ్గు వ్యాధులు కూడా తగ్గుతాయి. కరోనా వెళ్ళిపోయిన తరువాత కూడా మనకు మిగలవలసిన అలవాటు ఇది.

ఇప్పుడు రెండవ సగానికి వస్తాము. కడుక్కోమంటున్నారు సరే, నీళ్ళేవి?

ఒక లెక్క వేద్దాము. ఐదుగురున్న కుటుంబం. మనిషి రోజుకు పదిసార్లు, చెంబుతో పొదుపుగా అరలీటరు చొప్పున చేతులు కడుక్కుంటే 25 లీటర్లు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరులో మూడు వంతుల లోపు నీటితోనే వుజూ చేసేవారు. అంతటి పొదుపు పాటించినా ఐదుగురికి ఐదు పూటలకు మరో 17 లీటర్లు. అంటే చేతుల శుభ్రతకే రోజుకు మూడు బిందెలు. కుళాయి ఇంట్లో ఉన్నవారికి ఇది లెక్క కాదు. సాగర్ కుడి కాలువ నీరు చెరువుకు ఎప్పుడు వస్తుందా, వీధి కుళాయి ఎప్పుడు తెరుస్తారా, ట్యాంకరు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే ఇంట్లో ఆ మూడు బిందెలు ఒక స్త్రీ నడుముపై పడే బరువు. బడి మానుకొని వరుసలో నిలబడిన ఆడపిల్ల బరువు. ఆ వరుసలో దూరం పాటించమని చెప్పడం తేలిక. కడుక్కోమని బోధించి నీళ్ళివ్వకపోవడం అన్యాయం. నీళ్ళివ్వని పేటను చూపి మురికిపేట అనడం అంతకంటే పెద్ద అన్యాయం.

ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలలో పౌర సదుపాయాలు ఎలా కొరవడినవో 2006లో సచార్ కమిటీ దేశం ముందు ఉంచింది. నీరు దయ కాదు, హక్కు. కలుషితం కాని నీటిని పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తెలిపింది. 2010 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ నీటిని, పారిశుద్ధ్యాన్ని మానవ హక్కుగా గుర్తించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 42వ సెక్షను ప్రకారం కార్మికులకు కడుక్కోవడానికి తగిన సౌకర్యం కల్పించడం యాజమాన్యం విధి. దూది మిల్లులలో పనిచేసే మన నూర్‌బాషా సోదరులు, మిరప పనికి వెళ్ళే మన అక్కచెల్లెళ్ళు ఈ సెక్షను పేరు తెలుసుకోవాలి. చట్టం వర్తించే చోట దానిని అడగాలి, వర్తించని కళ్ళంలో కూడా ఒక డ్రమ్ము నీళ్ళు, ఒక సబ్బు పెట్టమని యజమానిని కోరాలి.

ఏమి చేద్దాము? ప్రతి పేటలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు యువకులు ఒక నెలపాటు కుళాయికి నీరు వచ్చిన రోజులు, వేళలు నోటుపుస్తకంలో రాయాలి. ఆ లెక్కతో వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. అర్జీపై ముస్లింలు మాత్రమే కాదు, అదే కుళాయి వద్ద నిలబడే దళితులు, ఇతర పేదలు కూడా సంతకం చేయాలి, ఎందుకంటే దాహానికి మతం లేదు. ఈ నెల 2 నుండి తొమ్మిది, పది తరగతులు తెరిచారు. బడిలో సబ్బు ఉన్నదా, కుళాయిలో నీరు వస్తున్నదా అని తల్లిదండ్రులు వెళ్ళి చూడాలి. మదరసాలలోనూ అదే చూడాలి. మస్జిదు కమిటీల పెద్దలకు మా విన్నపం: హౌజు వాడకం ఆపి, కుళాయిల వద్ద వలసంచిలో సబ్బు వేలాడదీయండి. వుజూ ఇంటివద్దనే చేసుకొని రమ్మని ప్రతి జుమాకు చెప్పండి.

చివరిగా ఒక మాట. మహాకవి గుర్రం జాషువా 1895లో జన్మించినది మన వినుకొండలోనే. శుచి పేరుతో మనిషిని మనిషి దూరంగా నిలబెట్టిన వ్యవస్థను ఆయన జీవితమంతా ప్రశ్నించాడు. గత ఏప్రిల్‌లో మన పండ్ల వ్యాపారి ముందు మూసుకున్న తలుపు ఆ పాత తలుపే. కనుక మనం కూడా జాగ్రత్తపడాలి. కరోనా సోకి కోలుకున్న పొరుగువారిని, చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలిని, శవాన్ని మోసి వచ్చిన యువకుని మనం అదే చూపుతో చూడరాదు. మనం కడగవలసినది మన చేతులు. ఎదుటి మనిషిని అపవిత్రుడని నిర్ణయించే అధికారం మనకు లేదు.

నింద వేసినవారికి మన జవాబు కోపంతో ముగియరాదు. మన ఇళ్ళలో సబ్బు అలవాటు కావాలి, మన వీధులకు నీరు రావాలి. మొదటిది ఈ రాత్రి భోజనం నుండే మొదలుపెడదాము. రెండవది రేపు ఉదయం కుళాయి వద్ద నోటుపుస్తకంతో మొదలుపెడదాము. అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, నిలకడను ప్రసాదించుగాక. ఆమీన్.